మూడోసారి బెణికిన కాలు, మూడు వారాల్లో సెలెక్షన్స్: టేపు వేసుకుని ఆడేయొచ్చా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు, డిగ్రీ సెకండియర్ చదువుతున్నా, కబడ్డీలో రైడర్‌ని. ఏడాదిన్నరలో కుడి కాలు చీలమండ మూడుసార్లు బెణికింది. మూడోది మొన్ననే, పది రోజులైంది, ప్రాక్టీసులో కూతకెళ్తే ఒకడు యాంకిల్ హోల్డ్ పట్టాడు, కాలు తిరిగిపోయింది. ఇప్పుడు నడుస్తున్నా కానీ సాయంత్రానికి కొంచెం వాపు వస్తోంది. ఇంకో మూడు వారాల్లో యూనివర్సిటీ టీమ్ సెలెక్షన్స్. మా సీనియర్ ఆన్‌లైన్‌లో నీలం రంగు టేపు తెప్పించి ఇచ్చాడు, ఇది వేసుకుంటే ఏం కాదురా అంటాడు. ఇంకొకడేమో టేపుకి అలవాటు పడితే కాలు వీక్ అయిపోతుందంటాడు. మా అమ్మ చింతపండు పట్టు వేస్తోంది. అసలు ఏ టేపు కొనాలి, ఎట్లా వేసుకోవాలి, వేసుకుని సెలెక్షన్స్ ఆడొచ్చా? మా కార్నర్ (డిఫెన్స్‌లో చివర నిలబడే చోటు) ఆడే ఫ్రెండ్‌కి చేతి వేలు వాచింది, దానికి కూడా టేపు వేయొచ్చా చెప్పండి.

సమాధానం: తమ్ముడూ, నువ్వు అడిగినవి నాలుగైదు ఉన్నాయి కానీ నీకు నిద్ర పట్టనివ్వనిది ఒక్కటే, సెలెక్షన్స్ ఆడొచ్చా లేదా అని, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. నీలాగా ఒకే కాలు మళ్ళీ మళ్ళీ బెణికేవాళ్ళకి టేపు నిజంగా పనికొస్తుంది, అందులో అనుమానం పెట్టుకోకు. కానీ ఆ పని చేసేది మీ సీనియర్ ఇచ్చిన నీలం టేపు కాదు, వేరే రకం. ఇంకో మాట, ఏ టేపైనా సరే మానిన కాలికి కాపలా కాస్తుందే తప్ప మానని కాలిని మాన్పదు. నొప్పి ఉన్న కాలికి గట్టిగా చుట్టేసి దిగితే నాలుగోసారి బెణుకుతుంది, అది కూడా సెలెక్టర్ల ముందే. ఇప్పటికి పది రోజులు, ఇంకో మూడు వారాలు, అంటే మొత్తం నెల చేతిలో ఉన్నట్టు. ఎముకకి ఏమీ కాకుండా మామూలు బెణుకే అయితే నెలలో ఆటకి తిరిగొచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, అయితే ఆ నెల ఎట్లా గడిపావన్నదే అసలు సంగతి.

ముందు ఎముక సంగతి తేల్చుకో. ఎక్స్‌రే తీయించావో లేదో నువ్వు రాయలేదు. నడుస్తున్నా కదా ఫ్రాక్చర్ ఎందుకుంటుంది అనుకోకు, చిన్న చిన్న పగుళ్ళతో నడిచేసేవాళ్ళని నేను చూస్తూనే ఉంటా. 1990ల్లో కెనడాలో ఒట్టావా డాక్టర్లు దీనికి ఒక తేలికైన పద్ధతి పెట్టారు, ఇప్పుడు ప్రపంచమంతా అదే వాడుతున్నారు. బయటి గిలక ఎముక ఉంది చూడు, దాని వెనక అంచుని కింది కొస నుంచి పైకి ఓ 6 సెంటీమీటర్ల దాకా బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్ళు. లోపలి గిలకకి కూడా అంతే. తర్వాత పాదం బయటి అంచు మీద, చిటికెన వేలి నుంచి వెనక్కి వస్తే దాదాపు సగం దూరంలో ఒక బుడిపె తగులుతుంది, అక్కడ నొక్కు. ఆఖరికి పాదం లోపలి వంపు మీద, గిలకకి కొంచెం ముందు కిందగా ఉండే ఎముక మీద నొక్కు. వీటిలో ఎక్కడైనా ఎముక మీదే సూటిగా నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన రోజు నాలుగు అడుగులు కూడా వేయలేకపోయి ఉన్నా, రేపే గవర్నమెంట్ హాస్పిటల్‌కి వెళ్ళి ఎక్స్‌రే తీయించు. ఇంకోటి కూడా చూడు, పిక్కని రెండు పక్కల నుంచి చేతులతో నొక్కితే కింద చీలమండ పైభాగంలో నొప్పి పుడితే అది మామూలు బెణుకు కాదు, రెండు ఎముకల్ని కలిపి పట్టుకునే పైన లిగమెంట్‌కి దెబ్బ, అది మానడానికి చాలా ఎక్కువ టైము పడుతుంది. అప్పుడు ఈ సెలెక్షన్స్ గురించి ఆలోచించకు, ఆర్థోపెడిక్ డాక్టర్‌ని కలువు.

అవేమీ లేవనుకుందాం. అప్పుడు నీ కాలిలో జరిగింది ఏంటంటే, పాదం లోపలికి తిరిగి బరువంతా బయటి అంచు మీద పడినప్పుడు బయటి గిలకకి ముందున్న లిగమెంట్ సాగిపోతుంది, గట్టిగా పడితే కొన్ని పోగులు తెగుతాయి. నొప్పి రెండు వారాల్లో తగ్గుతుంది, వాపు దిగుతుంది, మనం అయిపోయింది అనుకుంటాం. కానీ లిగమెంట్ అంటే ఎముకల్ని పట్టి ఉంచడం ఒక్కటే కాదు, కాలు ఇప్పుడు ఏ కోణంలో ఉందో మెదడుకి చెప్పే నరాల కొసలు కూడా అందులోనే ఉంటాయి. బెణికాక ఆ కబురు ఆలస్యంగా వెళ్తుంది, పాదం వంకర పడుతోందని తెలిసి పిక్క బయటి కండరం దాన్ని వెనక్కి లాగేలోపే తిరిగిపోతుంది. నీకు ఏడాదిన్నరలో మూడుసార్లు అందుకే అయింది, నీ ఎముకలు మెత్తనివనో నీకు దిష్టి తగిలిందనో కాదు. మొదటిసారి బెణికినప్పుడే కాలికి సరిగ్గా ట్రైనింగ్ ఇచ్చి ఉంటే రెండోది, మూడోది చాలావరకు తప్పేవి. మన దగ్గర నొప్పి తగ్గిన రోజే గ్రౌండ్‌లోకి తోసేస్తారు, ఆ అలవాటు పోవాలని నాకు గట్టిగా ఉంది.

ఇప్పుడు టేపు ఏం చేస్తుందో చూద్దాం. ఒకటి, పాదం లోపలికి మరీ ఎక్కువగా తిరగకుండా ఆపుతుంది. రెండోది, చర్మాన్ని లాగి పట్టుకుని ఉంటుంది కాబట్టి కాలు కదిలినప్పుడల్లా ఆ లాగుడు తెలుస్తుంది, మొద్దుబారిన ఆ కబురుకి ఇది కొంచెం సాయం. 1973లోనే అమెరికాలో గారిక్, రెక్వా అని ఇద్దరు యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళని గమనించి టేపు వేసుకుంటే బెణుకులు తగ్గాయని రాశారు, ఆ తర్వాత వచ్చిన పరిశోధనల్లో కూడా తేలింది ఏంటంటే అంతకుముందు బెణికి ఉన్న కాళ్ళకే లాభం ఎక్కువ, ఎప్పుడూ బెణకని కాలికి టేపు వేసినా పెద్ద తేడా కనిపించదు. కాబట్టి మీ టీమ్‌లో అందరూ ఫ్యాషన్‌కి చుట్టుకోవాల్సిన పని లేదు, నువ్వు మాత్రం వేసుకో. అయితే దీనికో పెద్ద లోటు ఉంది. ఆట మొదలైన 20, 30 నిమిషాలకే ఆ పట్టు చాలా వరకు సడలిపోతుంది, మన ఎండలకి చెమటకి ఇంకా ముందే. కబడ్డీలో హాఫ్ 20 నిమిషాలు, మధ్యలో 5 నిమిషాల బ్రేక్, అంటే నీ సెకండాఫ్ మొత్తం సడలిన టేపుతోనే ఆడతావు, సరిగ్గా అప్పుడే కాళ్ళు అలిసి ఉంటాయి. బ్రేక్‌లో నీళ్ళు తాగుతూ టేపు మీద రెండు మూడు ముక్కలు మళ్ళీ బిగించుకునే అలవాటు చేసుకో, ఎట్లాగో కింద చెప్తా.

ఆ నీలం టేపు సంగతి. అది సాగే టేపు, 1970ల చివర్లో జపాన్‌లో కెంజో కాసే అనే ఆయన తయారుచేశాడు, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కెర్రీ వాల్ష్ అనే బీచ్ వాలీబాల్ ప్లేయర్ భుజం మీద కనిపించాక ప్రపంచమంతా పాకింది. అది చర్మంతో పాటు సాగుతుంది, దాని తయారీయే అట్లాంటిది, సాగే వస్తువు నీ పాదాన్ని తిరగకుండా ఎట్లా ఆపుతుంది చెప్పు. కొందరికి నొప్పి కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది, వేసుకోవడంలో తప్పు లేదు, కానీ బెణుకు ఆపడానికి దాని మీద ఆధారపడకు. నీలం అయితే చల్లబరుస్తుంది, ఎరుపు అయితే వేడి పుట్టిస్తుంది లాంటి మాటలు అస్సలు నమ్మొద్దు, రంగు రంగే. నీకు కావాల్సింది సాగని టేపు, జింక్ ఆక్సైడ్ స్పోర్ట్స్ టేపు అని అడుగు, తెల్లగా గుడ్డలా ఉంటుంది, చేత్తో అడ్డంగా చింపితే చిరుగుతుంది, చీలమండకి 38 మిల్లీమీటర్ల వెడల్పుది సరిపోతుంది. ఒక్క కాలికి ఒక్కసారికే సగం రోల్ దాకా అయిపోతుంది కాబట్టి రోజూ ప్రాక్టీసుకి కొనాలంటే జేబుకి బరువే. ఊళ్ళో మెడికల్ షాపులో ఇది దొరక్కపోతే లూకోప్లాస్ట్ లాంటి గుడ్డ ప్లాస్టర్‌తో అవసరానికి గడుపుకోవచ్చు, చర్మం మీద మాత్రం కాస్త మంటగా ఉంటుంది. క్రేప్ బ్యాండేజ్ వాపు దిగడానికి మంచిదే కానీ ఆటలో ఆపే శక్తి దానికి లేదు. కొంతమంది కుర్రాళ్ళు కరెంటు పనికి వాడే నల్ల టేపు చుట్టేస్తారు, అది మాత్రం వద్దు, గాలాడదు, చర్మం ఊడొస్తుంది, రక్తం ఆగిపోయేలా బిగుస్తుంది.

వేసే పద్ధతి శ్రద్ధగా చదువు, మొదటి రెండుసార్లు మీ కాలేజీ పీడీ సార్‌నో దగ్గర్లో ఫిజియోనో పక్కన పెట్టుకుని వేయించుకో, తర్వాత మీ ఫ్రెండ్ నేర్చుకుంటాడు. సొంత కాలికి సొంతంగా వేసుకోవడం కష్టం, వంగినప్పుడు పాదం కోణం మారిపోతుంది. బెంచీ మీద కూర్చుని కాలు చాపి పిక్క సగం దాకా బెంచీ మీద ఆనించి చీలమండ బయటికి వేలాడేలా పెట్టు. పాదం వేళ్ళు నీ ముఖం వైపు చూడాలి, అంటే పాదానికీ కాలికీ మధ్య 90 డిగ్రీలు, పాదం బయటి అంచు కొంచెం పైకి లేపి ఉంచాలి. టేపు వేసే ఐదారు నిమిషాలూ ఆ కోణం అట్లాగే ఉండాలి. ఇదే అందరూ తప్పే చోటు, ఫోన్ చూస్తూ పాదం జారవిడుస్తారు, టేపు ఆ జారిన కోణంలోనే గట్టిపడుతుంది, లేచి నిలబడగానే ముందు వైపు కోసుకుపోతుంది, బయటి వైపు వదులుగా ఉంటుంది, అంటే నొప్పి అంతా ఉంటుంది ఉపయోగం ఏమీ ఉండదు.

కాలు కడుక్కుని పూర్తిగా తుడుచుకో, వెంట్రుకలు ఉంటే ముందు రోజే షేవ్ చేసుకో, అదే రోజు చేస్తే చర్మం మండుతుంది. మడమ వెనక నరం మీద, ముందు వైపు పాదం వంగే మడత మీద చిన్న దూది ప్యాడ్‌కి చుక్క వ్యాజిలిన్ రాసి పెట్టు, ఆ రెండు చోట్లే టేపు రాసుకుని బొబ్బలు వచ్చేది. పల్చటి ఫోమ్ చుట్ట దొరుకుతుంది, దాన్ని ఒక్క పొర చుట్టు, మందంగా చుట్టావంటే టేపు ఫోమ్‌ని పట్టుకుంటుంది కానీ నీ కాలిని పట్టుకోదు. ఇప్పుడు గిలకకి నాలుగైదు వేళ్ళ పైన కాలి చుట్టూ రెండు పట్టీలు వెయ్యి, సగం ఫోమ్ మీద సగం చర్మం మీద, ఇవి పునాది. పాదం మధ్యలో ఇంకో పట్టీ, దీన్ని మాత్రం బిగించొద్దు, నిలబడితే పాదం వెడల్పవుతుంది కదా. ఆ తర్వాత అసలు పని. పై పట్టీ దగ్గర లోపలి వైపు అంటించి, లోపలి గిలక మీదుగా కిందికి తెచ్చి, మడమ కింద నుంచి దాటించి, బయటి వైపు గట్టిగా పైకి లాగి పై పట్టీకి అంటించు. లోపలి నుంచి బయటికి, ఈ దిశ మారకూడదు, నీకు పాదం లోపలికి తిరుగుతోంది కాబట్టి టేపు దాన్ని బయటికి లాగాలి. ఇట్లాంటివి మూడు, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా. తర్వాత మడమకి తాళం వేసినట్టు రెండు వైపుల నుంచీ ఏటవాలుగా మడమ వెనక్కి తిప్పి అరికాలి కిందకి తెచ్చే పట్టీలు, వీటినే హీల్ లాక్ అంటారు, బయటి వైపు ఒకటి లోపలి వైపు ఒకటి తప్పనిసరి. ఆ పైన పాదం మీదుగా 8 అంకె ఆకారంలో ఒకటి. చివరికి ఖాళీలు కనిపించిన చోటల్లా చిన్న ముక్కలతో మూసెయ్యి, ఖాళీ వదిలితే అక్కడే చర్మం నలిగి బొబ్బ వస్తుంది. కాలి చుట్టూ తిరిగే పట్టీలన్నీ ముక్క ముక్కగా చింపి అంటించు, రోల్ పట్టుకుని గుండ్రంగా చుట్టుకుంటూ పోతే తెలియకుండానే బిగుసుకుపోతుంది. బ్రేక్‌లో మళ్ళీ వేసుకోమన్నానే, అది మడమ కింద నుంచి వెళ్ళే పట్టీ ఒకటి, బయటి హీల్ లాక్ ఒకటి, పైన మూసే ముక్క ఒకటి, ఫ్రెండ్‌కి అలవాటైతే రెండు నిమిషాల పని.

వేశాక బొటనవేలి గోరు నొక్కి వదులు, తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్ళీ ఎర్రబడాలి. వేళ్ళు తిమ్మిరెక్కినా, చల్లబడినా, నీలంగా మారినా అప్పటికప్పుడు తీసెయ్యి, మ్యాచ్ పిలిచారని చూడకు. తర్వాత లేచి నడిచి, కొంచెం పరిగెత్తి, రెండు మూడు కూతలకి వెళ్ళినట్టు కదిలి చూసుకో. ఆట అయిపోగానే తీసెయ్యాలి, రాత్రి దాంతో పడుకోకూడదు. తీసేటప్పుడు మొండి కొస ఉన్న కత్తెరతో లోపలి గిలక వెనక నుంచి కత్తిరించు, టేపుని ఒక్కసారిగా పైకి పీకకు, ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టి ఇంకో చేత్తో టేపుని చర్మానికి ఆనించి వెనక్కి మడుస్తూ తియ్యి, మిగిలిన జిగురుకి కాస్త కొబ్బరి నూనె రాస్తే వచ్చేస్తుంది. దద్దుర్లు, దురద వస్తే ఆ జిగురు నీకు పడదని అర్థం, పుండు ఉన్న చోట అసలు వేయొద్దు.

ఇందాక వ్యాజిలిన్ అన్నాను కదా, కబడ్డీ వాళ్ళకి ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఒంటికి నూనె, జారే పదార్థాలు రాసుకుని దిగడానికి రూల్స్ ఒప్పుకోవు, కాబట్టి ప్యాడ్ మీద చుక్క తప్ప బయట ఎక్కడా అంటకూడదు, అంటితే గుడ్డతో తుడిచెయ్యి. మ్యాట్ మీద బూట్లతో ఆడేటట్టయితే టేపు మీద సాక్స్, బూటు వేసుకుని లేసులు మళ్ళీ బిగించుకో. మట్టి కోర్టులో వట్టి కాళ్ళతో అయితే అరికాలి కింద టేపు త్వరగా అరిగిపోతుంది, అంచుల్లోంచి దుమ్ము దూరి ఊడిపోతుంది. ఇంకోటి, నువ్వు రైడర్‌వి, తెల్ల టేపు కనిపించగానే ఏ కాలు వీకో డిఫెండర్‌కి అర్థమైపోతుంది, ఆ కాలికే వస్తాడు. అందుకే కొందరు రైడర్లు రెండు కాళ్ళకీ వేసుకుంటారు, నీకు కూడా నేను అదే చెప్తా, రెండోదానికి ఊరికే రెండు పట్టీలు చాలు. అట్లాగని టేపు ఉంది కదా అని యాంకిల్ హోల్డ్‌లో పడ్డాక బలవంతంగా మెలిక తిప్పి విడిపించుకోవాలని చూడకు. కాలు అవతలివాడి చేతుల్లో లాక్ అయి ఒళ్ళు తిరిగితే ఏ టేపూ ఆపలేదు, పాయింట్ పోతే పోయింది వదిలెయ్యి.

మన బ్యాడ్మింటన్ సింధు సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో ఎడమ కాలికి పట్టీ వేసుకుని ఫైనల్ ఆడి మిషెల్ లీ మీద 21-15, 21-13తో గోల్డ్ గెలిచింది. మనందరం ఆ పట్టీనే చూసి శభాష్ అన్నాం. ఆ తర్వాత స్కాన్‌లో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది, వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ ఆడలేకపోయింది, మళ్ళీ కోర్టులోకి వచ్చింది 2023 జనవరిలో. ఆమెది ఒక దేశానికి మెడల్ తెచ్చే ఫైనల్, చుట్టూ డాక్టర్లు, ఫిజియోలు ఉన్నారు, అంత ఉండి కూడా నెలల తరబడి ఆట ఆగింది. నీకు ఇది మొదటి మెట్టు, ఇంకా ఎన్నో సెలెక్షన్స్ ఉన్నాయి నీ ముందు.

ఇక ఈ మూడు వారాలు, నేను రాసిన మొత్తంలో నువ్వు తప్పకుండా చేయాల్సింది ఇదే. ఈ ఎక్సర్‌సైజులన్నీ టేపు లేకుండా, ఆట మాత్రం టేపుతో. ఈ వారం కోర్టు మాట ఎత్తకు. ఉదయం పళ్ళు తోముకుంటూ కుడి కాలి మీద ఒక్కదాని మీదే నిలబడు, 30 సెకన్లు ఊగకుండా నిలబడగలిగితే కళ్ళు మూసుకుని, అది కూడా వస్తే మడత పెట్టిన దుప్పటి మీద నిలబడి, ఆ తర్వాత ఫ్రెండ్ బాల్ విసురుతుంటే పట్టుకుంటూ. రోజుకి రెండు మూడుసార్లు, పది నిమిషాలు చాలు. పాత సైకిల్ ట్యూబు ముక్క మంచం కోడుకి కట్టి పాదం బయటి అంచుకి తగిలించి పాదాన్ని బయటికి లాగు, నెమ్మదిగా వెనక్కి వదులు, 15 చొప్పున మూడు విడతలు. మెట్టు అంచు మీద నిలబడి మడమలు పైకి లేపు, మొదట రెండు కాళ్ళతో తర్వాత కుడి కాలితోనే. నెదర్లాండ్స్‌లో వాలీబాల్ ప్లేయర్లకి బ్యాలెన్స్ బోర్డు మీద ఇట్లాంటి ప్రాక్టీసే చేయిస్తే, ముందే బెణికినవాళ్ళకి మళ్ళీ బెణకడం తగ్గిందని 2004లో రాశారు. బోర్డు కొనక్కర్లేదు, దుప్పటి చాలు, కానీ రోజూ చెయ్యాలి, నొప్పి పోయాక కూడా సీజన్ అంతా మానొద్దు.

రెండో వారం వాపు సాయంత్రానికి కూడా రాకపోతే తిన్నగా పరుగు, తర్వాత 8 ఆకారంలో పరుగు, తర్వాత పక్కలకి గెంతడం. మూడో వారం టేపు వేసుకుని బోనస్ గీత దాటడం, డుబ్కీ (డిఫెండర్ల చేతుల కింద నుంచి వంగి దూరిపోవడం), తిరగడం అన్నీ ముందు ఒక్కడివే, తర్వాత సగం జోరుతో పట్టుకునే డిఫెండర్లతో, చివర్లో పూర్తి జోరుతో. సెలెక్షన్స్‌కి మూడు రోజుల ముందు నువ్వే పరీక్ష పెట్టుకో. గోడకి ఎదురుగా నిలబడి మడమ లేవకుండా మోకాలు గోడకి తగిలించు, కాలి బొటనవేలికీ గోడకీ మధ్య దూరం ఎడమ కాలికి ఎంత వస్తోందో కుడికీ ఇంచుమించు అంతే రావాలి, ఒకటి రెండు సెంటీమీటర్లకి మించి తేడా ఉండకూడదు. కుడి కాలితో ఒక్కదానితో మడమ 20 సార్లు లేపగలగాలి. ఒంటి కాలితో ముందుకీ పక్కకీ గెంతితే ఎడమ కాలితో సమానంగా రావాలి, దిగేటప్పుడు తడబడకూడదు. ఇవన్నీ టేపు లేకుండా, నొప్పి లేకుండా. వచ్చాయా, టేపు వేసుకుని ధైర్యంగా వెళ్ళి ఆడు. రాలేదా, పీడీ సార్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పు, పెయిన్ కిల్లర్ మింగి మాత్రం దిగకు, నొప్పి తెలియకపోతే కాలు ఎప్పుడు ఆపాలో నీకే తెలియదు.

టేపుకి అలవాటైతే కాలు వీక్ అవుతుందన్న మాట గురించి. ఆట టైములో వేసుకుని తర్వాత తీసేస్తుంటే కండరం బలహీనపడదు. టేపు ఉంది కదా అని ఎక్సర్‌సైజులు మానేసేవాళ్ళకి కాలు వీక్‌గా మిగిలిపోతుంది, ఆ పాపం టేపుది కాదు. సీజన్ అంతా ప్రాక్టీసుకి టేపు కొనలేకపోతే లేసులు కట్టుకునే మెత్తటి యాంకిల్ బ్రేస్ ఒకటి కొనుక్కో, బెణుకులు ఆపడంలో అది టేపుకి ఏమీ తీసిపోదు, మధ్యలో బిగించుకోవచ్చు, ఉతుక్కుని ఏడాది వాడుకోవచ్చు, కాకపోతే బూట్లలోనే సరిగ్గా పనిచేస్తుంది. గట్టి ప్లాస్టిక్కో మెటల్ పట్టీలో ఉన్న బ్రేస్ మాత్రం కబడ్డీకి వద్దు, అవతలివాళ్ళకి గాయం అవుతుంది, మెత్తటిదైనా మ్యాచ్‌కి ముందు రిఫరీకి చూపించి అడుగు.

అమ్మగారి చింతపండు పట్టు సంగతికొస్తే, చర్మం చిట్లి లేకపోతే దాని వల్ల నష్టం లేదు, అమ్మ మనసు కష్టపెట్టకు. కానీ లిగమెంట్ దాంతో గట్టిపడదు, పైగా గట్టిగా మర్దన చేసి నరం సరిచేస్తామనే వాళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దు, మానుతున్న పోగుల్ని మళ్ళీ లాగినట్టవుతుంది. సాయంత్రం వాపు వస్తోందన్నావు కదా, గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, కాలు దిండు మీద ఎత్తుగా, పడుకునే దాకా క్రేప్ బ్యాండేజ్, అది చాలు.

మీ కార్నర్ ఫ్రెండ్ వేలు. వేలు వంకరగా ఉంటే, కొస నిఠారుగా చాపలేకపోతుంటే, లేదా ఎముక మీద నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే ముందు ఎక్స్‌రే, దాన్ని లాగి సరిచేస్తామని ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకండి. ఊరికే వాచి వంగుతూ చాపుతూ ఉంటే పక్క వేలితో కలిపి టేపు వెయ్యొచ్చు, మధ్యలో గాజ్ (పుండ్లకి కట్టే పల్చటి గుడ్డ) ముక్క పెట్టి, కణుపు మీద కాకుండా కణుపుకి పైన ఒకటి కింద ఒకటి సన్న పట్టీలు, కణుపు వంగడానికి వీలుండాలి. చిటికెన వేలైతే ఉంగరం వేలితో, చూపుడు వేలైతే మధ్య వేలితో. థై హోల్డ్ పట్టేటప్పుడు వేళ్ళు విడదీసి పెట్టొద్దని కూడా చెప్పు వాడికి, కార్నర్ వాళ్ళ వేళ్ళు ఎక్కువగా పోయేది అక్కడే.